కార్ల అందానికి కాలం పెట్టే పరీక్ష

మా బందరు పరిసరాల్లో రెండు వృత్తులు చిరకాలంగా పక్కపక్కనే బతుకుతున్నాయి. పెడనలో, బందరులో కలంకారీ అద్దకం. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల తయారీ. రెండూ అందం కోసమే. అయితే ఆ అందం వస్తువును అంటిపెట్టుకొనే తీరు వేరు. అద్దకపు పనివారు బట్టను మొదట కరక్కాయ నీటిలో ముంచుతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో ఊరవేసి నలుపు తీస్తారు. ఎరుపు రావలసిన చోట పటికను అద్ది, ఆ తర్వాత బట్టను రంగునీటిలో ఉడికిస్తారు. రంగు నూలుపోగు లోపలికి దిగుతుంది. ఏళ్ళ తరబడి ఉతికినా అది కాస్త మెత్తబడుతుందే గాని అచ్చు చెరగదు. చిలకలపూడిలో రాగి, ఇత్తడి నగల మీద బంగారు పూత వేస్తారు. కొన్నాళ్ళకు మెడ దగ్గర రాపిడికి పూత పలచబడి అడుగు లోహం కనిపిస్తుంది. కొనేవారికీ అమ్మేవారికీ ఈ సంగతి ముందే తెలుసు గనుక అందులో మోసమేమీ లేదు. మెరుపు తగ్గినప్పుడు మళ్ళీ మెరుగు పెట్టించుకొంటారు.

గత డెబ్భై ఏళ్ళలో మన రోడ్ల మీద తిరిగిన కార్ల రూపురేఖలను ఈ రెండు కొలతలతో చూడాలని మా ప్రయత్నం. ఒకనాడు వీధివీధంతా ఆగి చూసిన కారును చూసి నేడు పిల్లలు నవ్వుతున్నారు. ఒకనాడు డబ్బా అని ఎగతాళికి గురైన ఆకారం నేడు ఇంటింటా కనిపిస్తోంది. ఏ అందం లోపలికి దిగింది, ఏ అందం పైపూతగా మిగిలింది? పాత రోజులను తలచుకొని నిట్టూర్చడానికి ఈ మాట ఎత్తలేదు. మధ్యతరగతి కుటుంబానికి ఇల్లు తర్వాత పెద్ద ఖర్చు కారే. చాలామంది దానికి ఐదేళ్ళో ఏడేళ్ళో వాయిదాలు కడుతున్నారు. వాయిదాలు తీరకముందే వెలిసిపోయే అందం ఏదో, ఇంటిల్లిపాదికీ కడదాకా అక్కరకు వచ్చే అందం ఏదో ఆలోచించుకోవడం అవసరం.

మొదట అంబాసిడర్ సంగతి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాను తెచ్చుకొని హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో దీనిని తయారుచేసింది. 1957లో మొదలైన తయారీ 2014 మే నెలలో ఆగింది. దాదాపు యాభై ఏడేళ్ళపాటు ఆ గుండ్రటి పైకప్పు, ఉబ్బెత్తు బానెట్, కనుగుడ్లలాంటి రెండు హెడ్‌లైట్లు అలాగే నిలిచాయి. 1960ల తొలినాళ్ళలో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 అని పేర్లు మారాయి. పేరు మారిన ప్రతిసారీ ముఖ్యంగా మారినది ముందువైపు జాలీ, దీపాలు, లోపలి డ్యాష్‌బోర్డు మాత్రమే. మనిషి అదే, తలపాగా వేరు అన్నట్టు.

దీనికి కారణం రూపం మీద ప్రేమ ఒక్కటే కాదు. కారు శరీరానికి కావలసిన రేకును పెద్ద ఉక్కు అచ్చుల మధ్య పెట్టి నొక్కుతారు. ప్రతి తలుపుకూ, ప్రతి మడ్‌గార్డుకూ విడివిడిగా అచ్చు ఉండాలి. కలంకారీలో కొత్త పువ్వు కావాలంటే మరో టేకు అచ్చు చెక్కించుకొంటే చాలు. కారు రూపం మారాలంటే ఉక్కు అచ్చులన్నీ కొత్తవి పోయించాలి. ఆ ఖర్చు కోట్లలోకి పోతుంది. పైగా అవి లైసెన్సుల రోజులు. ఎన్ని కార్లు చేయాలో ప్రభుత్వమే నిర్ణయించేది. విదేశీ కార్ల దిగుమతికి దారి దాదాపు మూసుకొని ఉండేది. తయారైన కారుకు కొనేవారు వరుసలో నిలబడి ఉండగా సంస్థ కొత్త అచ్చులకు ఖర్చు పెట్టవలసిన అవసరం ఏమున్నది?

అందువల్ల మన దేశంలో ఒక వింత జరిగింది. ఇంగ్లండులో 1960 నాటికే పాతబడిన రూపం మన దగ్గర 1980 వరకూ పాతబడలేదు. ఏ వస్తువైనా పాతది అనిపించుకోవాలంటే పక్కన కొత్తది కనిపించాలి. బందరు కోనేరు సెంటరులో నిలబడి చూసిన వారికి పదేళ్ళ క్రితపు అంబాసిడర్‌కూ అప్పుడే వచ్చిన అంబాసిడర్‌కూ పెయింటు మెరుపులో తప్ప తేడా తోచేది కాదు. కలెక్టరుగారిదీ అదే, డాక్టరుగారిదీ అదే, అద్దెకు తిరిగేదీ అదే. రూపాన్ని బట్టి యజమాని హోదాను చెప్పడం కష్టమయ్యేది. ఆ లేమిలో ఒక రకమైన సమానత్వం ఉండేదని ఇప్పుడు తోస్తోంది.

అంబాసిడర్‌కు తోడుగా ఫియట్ ఉండేది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ సంస్థ దీనిని తయారుచేసింది. మొదట్లో వచ్చిన ఫియట్‌కు ముందు తలుపుల మడతబందులు వెనుకవైపు ఉండేవి. తలుపు గాలికి ఎదురుగా తెరుచుకొనేది. చీర, బుర్ఖా ధరించిన స్త్రీలకు ఎక్కడం దిగడం అందులో సుఖంగా ఉండేదని మా ఇంటి పెద్దలు చెప్పేవారు. కాని పరుగులో ఉండగా గడియ ఊడితే గాలి ఆ తలుపును లాగి విసిరేది, అది ప్రమాదకరం. 1964లో వచ్చిన కొత్త నమూనాతో ఆ పద్ధతి పోయింది. 1970ల నడుమ ఆ కారుకు చిత్తూరు రాణి పద్మిని పేరు పెట్టారు.

ఆ పద్మిని వెనుకభాగాన్ని గుర్తు తెచ్చుకోండి. డిక్కీకి రెండు వైపులా మడ్‌గార్డుల చివర చేప తోకలా చిన్న మొన తేలి ఉండేది. ఆ మొన కథ చాలా దూరం నుంచి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా వాడిన జంటతోకల యుద్ధవిమానం ఒకటి ఉంది. దానిని చూసి ముచ్చటపడి జనరల్ మోటార్స్ సంస్థ రూపశిల్పి హార్లే ఎర్ల్ బృందం 1948 నాటి కాడిలాక్ కారుకు తోకరెక్కలు పెట్టింది. ఇతర సంస్థలు పోటీపడ్డాయి. ఏటేటా రెక్కలు పెరిగి 1959 నాటికి పతాకస్థాయికి చేరాయి. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే అమెరికా వాటిని వదిలిపెట్టింది. కారుకు రెక్కతో పని లేదు. అది ఎగిరేది కాదు గదా. పని లేని రేకు గనుక మోజు తీరగానే రాలిపోయింది. ఇటలీ దాని చిన్న నీడను ఫియట్‌కు తగిలించింది. ఆ నీడ మన దేశానికి వచ్చి దాదాపు 2000 వరకూ తయారవుతూనే ఉంది. బొంబాయిలో టాక్సీగా 2023 అక్టోబరు వరకూ తిరిగింది. పుట్టిన దేశంలో పదిహేను ఏళ్ళు బతికిన మోజు మన దేశంలో అరవై ఏళ్ళు బతికింది.

మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా కొందరి ఇళ్ళలో ఉండేది. ఇటలీకి చెందిన జొవాన్ని మికెలోత్తి గీసిన రూపం అది. సన్నని కంబాలు, పెద్ద అద్దాలు, పదునైన అంచులు. మెకానిక్‌కు ఆ కారంటే ప్రాణం. ఎందుకంటే ముందు భాగమంతా మడ్‌గార్డులతో సహా ముందుకు వంగి తెరుచుకొనేది, ఇంజను చుట్టూ నిలబడి పని చేసుకోవచ్చు. మిగిలిన అందం సంగతి ఎలా ఉన్నా ఆ బానెట్ అందాన్ని గురించి పాత మెకానిక్‌లు నేటికీ మాట్లాడతారు. చేతికి పనికి వచ్చిన అందం చేతికి గుర్తుండిపోతుంది.

ఈ పాతకాలాన్ని ఒక్కసారిగా పాతకాలం చేసిన రోజు 1983 డిసెంబరు 14. ఆ రోజు నాటి ప్రధాని ఇందిరాగాంధీ తొలి మారుతి 800 తాళాలను కొనుగోలుదారుకు అందజేశారు. చిన్న చక్రాలు, నలుచదరపు ముఖం, తళుకు లేని నల్లని బంపర్లు, తేలికైన తలుపులు. బందరు రోడ్డు మీద అది అంబాసిడర్ పక్కన ఆగినప్పుడు, నిన్నటిదాకా రాజుగా ఉన్నది ఈ రోజు ముసలిదైపోయింది. అంబాసిడర్‌లో ఒక్క మేకు కూడా మారలేదు. మారినది మన చూపు. రూపం ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పాతబడుతుందని మనం అనుకొంటాము. నిజానికి అది చాలాసార్లు ఒక్క పూటలో పాతబడుతుంది.

ఆ మారుతికీ అదే గతి పట్టింది. 1990లలో విదేశీ సంస్థలు వచ్చాక గుండ్రని అంచులు, శరీరపు రంగులోనే బంపర్లు, నేలకు దగ్గరగా సాగిన ఒడ్డు పొడుగు కొత్త మోజులయ్యాయి. నలుచదరపు మారుతి అగ్గిపెట్టెగా కనిపించసాగింది. 2014 జనవరిలో దాని తయారీ ఆగింది. అంబాసిడర్ ఆగినదీ అదే ఏడాది మే నెలలో. పాతదీ, దానిని పాతదిగా చేసినదీ ఒకే ఏట వెళ్ళిపోయాయి. అంబాసిడర్ పేరును 2017లో ఫ్రాన్స్‌కు చెందిన పెజో సంస్థకు ఎనభై కోట్ల రూపాయలకు అమ్మారు. తయారీ ఆగిన కారుకు, వట్టి పేరుకు, అంత వెల పలికిందంటే కొన్ని రూపాలు మనుషుల మనసులో ఎంత లోతుకు దిగుతాయో తెలుస్తుంది.

మోజు ఒక పరీక్ష అయితే మా సముద్రగాలి మరొక పరీక్ష. బందరులోనూ దివిసీమలోనూ ఉప్పుగాలికి ఇనుము ఎంతకాలం ఆగుతుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. పాత కార్ల బంపర్లకు, జాలీలకు నికెల్ మీద క్రోమియం పూత ఉండేది. ఆ పూతలో సూది మొనంత రంధ్రం పడితే చాలు, ఉప్పుతేమ లోపలికి చేరి అడుగున ఉక్కును తినేది. పైన మెరుపు, లోపల పొక్కులు. చిలకలపూడి నగ అయితే మళ్ళీ మెరుగు పెట్టించుకోవచ్చు. బంపరుకు ఆ ఖర్చు ఎవరు పెడతారు? టింకరింగ్ మేస్త్రీ వెండిరంగు పూసి పంపేవాడు.

నేటి కార్లకు ఆ బాధ లేదు, వేరొక బాధ ఉంది. వెనుకటి హెడ్‌లైటు గాజుది. గుండ్రనిది, కొలత ఒక్కటే. ఎన్నో వాహనాలకు అదే సరిపోయేది. పగిలితే గుడివాడలో ఏ విడిభాగాల దుకాణంలో అడిగినా దొరికేది. ఇప్పటి హెడ్‌లైటు పాలికార్బనేట్ అనే ప్లాస్టిక్. ప్రతి మోడలుకూ దాని ఆకారమే దాని ముఖం; పులి కన్నులా, డేగ కన్నులా గీసి పెడతారు. ఎండకు ఆ ప్లాస్టిక్ మీది రక్షణ పొర కొన్నేళ్ళకు చెడి పసుపుపచ్చగా, పొగమంచు పట్టినట్టు తయారవుతుంది. డేగ కన్నుకు శుక్లం వస్తుంది. మార్చాలంటే ఆ మోడలుకు మాత్రమే సరిపడే దీపం తెప్పించాలి. రూపం ఎంత ప్రత్యేకంగా ఉంటే దానిని నిలుపుకోవడం అంత ఖరీదు.

ఇక ఏ మోజుకూ లొంగని రూపం ఒకటి ఉంది. అది జీపు. 1940, 41లలో అమెరికా సైన్యం కోసం గీసినది. మన దేశంలో దీనిని కూర్చిన మహీంద్రా సంస్థ 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే పేరుతో ప్రారంభమైనది. భాగస్థుడైన మాలిక్ గులాం మొహమ్మద్ దేశవిభజన తర్వాత పాకిస్తాన్‌కు వెళ్ళి అక్కడ ఆర్థికమంత్రి, ఆపై గవర్నర్ జనరల్ అయ్యారు. సంస్థ పేరు 1948లో మారింది. జీపు మడ్‌గార్డులు బల్లపరుపుగా ఉంటాయి. వంగితే సుత్తితో సరిచేసుకోవచ్చు, వాటి మీద సామాను పెట్టుకోవచ్చు. అద్దాన్ని ముందుకు మడవవచ్చు. తలుపు లేకపోయినా నడుస్తుంది. అందం కోసం గీసిన గీత అందులో లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో వేలాది ప్రాణాలు పోయి, రోడ్లు చెట్లతో, బురదతో పూడుకొనిపోయిన రోజుల్లో ఎలాంటి బండి అక్కరకు వస్తుందో ఇక్కడి పెద్దలకు తెలుసు. ఎనభై ఏళ్ళ నాటి ఆ ముఖమే నేడు థార్ పేరుతో యువకులను ఆకర్షిస్తోంది. అయితే ఒక్క తేడా ఉంది. నాడు బురద కోసం పుట్టిన ఎత్తు నేడు చాలామందికి ఫోటో కోసం. ఒకే గీత ఒక తరానికి అవసరం, మరో తరానికి నగ కావచ్చు.

గుడివాడవారికి ఇదే విషయాన్ని చెప్పడానికి మరొక ఉదాహరణ చాలు. పామర్రు సమీపంలోని నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి. రామారావుగారు 1982లో పార్టీ పెట్టి, పాత షెవర్లే వ్యానును మార్పించి, చైతన్యరథం అని పేరు పెట్టి రాష్ట్రమంతా తిరిగారు. 1983 ఎన్నికలలో గుడివాడ నుంచి కూడా పోటీ చేసి గెలిచారు. ఆ వ్యాను ముందు జాలీ ఎలా ఉండేదో చెప్పమంటే చూసినవారిలో ఎందరు చెప్పగలరు? దాని పైకప్పును మాత్రం అందరూ చెబుతారు. మనిషి పైకెక్కి నిలబడి మాట్లాడడానికి వీలుగా దానిని మలిచారు. రాజకీయంగా ఎవరి అభిప్రాయం ఏదైనా, బండి రూపాన్ని ఒక పనికి ఎలా ఒప్పించాలో అది చూపింది. అందుకే ఆ తర్వాత ఎన్నో పార్టీల బండ్లకు పైకప్పు మీద నిలబడే చోటు వచ్చింది.

ఇంతవరకూ రోడ్డు మీద నిలబడి చూశాము. ఇప్పుడు కారు లోపలికి, అంటే మా ఇంటిలోకి వస్తాము. మా అబ్బాజాన్ పెడన అద్దకపు బట్టల వ్యాపారం చేసేవారు. 1988లో గుడివాడలోని ఒక బియ్యపు మిల్లు యజమాని వద్ద వాడిన తెల్లని అంబాసిడర్‌ను కొన్నారు. డిక్కీలో దుప్పట్ల మూటలు, వెనుక సీటులో అమ్మీజాన్, దాదీమా, మేము నలుగురు పిల్లలము. ముందు సీటు ఒకటే పొడవైన బల్లలా ఉండేది. గేరు రాడ్డు స్టీరింగు కిందనే ఉన్నందువల్ల ముందు కూడా ముగ్గురు సర్దుకొనేవారు. వెనుక అద్దాలకు అమ్మీజాన్ కుట్టిన తెరలు. అంతకుముందు కుటుంబ స్త్రీలు తెర కట్టిన జట్కాలలోనూ రిక్షాలలోనూ వెళ్ళేవారట. ఆ తెరే కారుకు మారింది. చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డలోని ఫుఫూ ఇంటికి పోయేటప్పుడు ఊరు దాటగానే తెరలు జరిపేవాళ్ళము. పెద్ద కిటికీలోంచి కాలువలు, వరిచేలు, తాటిచెట్లు కూర్చున్నవారి మోకాళ్ళ దాకా కనిపించేవి.

ఆ కారును పొగిడేవారు దాని లోపాలను దాచకూడదు. స్టీరింగు తిప్పాలంటే భుజబలం కావాలి. తలుపు రెండుసార్లు వేస్తే గాని పడేది కాదు. పెట్రోలును నీళ్ళలా తాగేది. వెనుక సీటుకు బెల్టు లేదు. ఇనుప డ్యాష్‌బోర్డు కంటికి ఎంత ముచ్చటగా ఉన్నా గట్టిగా బ్రేకు పడితే నుదుటిని చీల్చేది. నేటి కార్లకు లావుపాటి కంబాలు, ఎత్తయిన బానెట్, మందమైన తలుపులు ఉండడం వట్టి ఆడంబరం కాదు. ఢీకొన్నప్పుడు లోపలివారిని, రోడ్డు మీద నడిచేవారిని కాపాడే ఆలోచన వాటి వెనుక ఉంది. 2019 జూలై నుంచి డ్రైవరు ఎదుట ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయినది. 2023 అక్టోబరు నుంచి కార్ల భద్రతకు నక్షత్రాలు వేసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలైనాయి. పాత అందంలో సగం అంశం భద్రత లేకపోవడం వల్ల వచ్చిన సన్నదనమే. ఆ సన్నదనం తిరిగి రావాలని కోరుకోవడం సమంజసం కాదు.

అయితే ఆ కారులో ఒక గుణం ఉండేది, దాని విలువ మా అమ్మీజాన్ మోకాళ్ళు అరిగాకనే పూర్తిగా తెలిసింది. దాని సీటు ఇంటి కుర్చీ ఎత్తున ఉండేది. తలుపు దగ్గర పైకప్పు ఎత్తుగా ఉండేది. దాదీమా ఎనభై ఏళ్ళ వయసులో కూడా తలుపు పక్కన నిలబడి, వెనక్కు తిరిగి, కుర్చీలో కూర్చున్నట్టే కూర్చొని, కాళ్ళు లోపలికి తీసుకొనేవారు. ఎవరి చేయీ అడిగేవారు కాదు. అడుగుభాగం ఉప్పుగాలికి చిల్లులు పడి, రిజిస్ట్రేషను మళ్ళీ పొడిగించుకోవడానికి ఫిట్‌నెస్ రాని స్థితికి చేరి ఆ కారు మా ఇంటి నుంచి వెళ్ళిపోయాక, పెళ్ళిళ్ళకు పేరంటాలకు అద్దెకార్లలో వెళ్ళసాగాము. వాటిలో చాలా వరకు నేలకు దగ్గరగా కూర్చునేవి, వెనుకకు పోయేకొద్దీ పైకప్పు వాలిపోయేవి. గాలిని సులువుగా చీల్చడానికి, నూనె ఆదాకు ఆ వాలు కొంత ఉపయోగమే. కాని తల వంచి, నడుము వంచి, గుంటలోకి దిగినట్టు దిగితే గాని వెనుక సీటు చేరలేరు. తలుపు గడప వెడల్పుగా ఉండి బుర్ఖా అంచు దాని మట్టినంతా తుడుస్తుంది. కిటికీ అంచు పైకి పోయి చిన్నపిల్లలకు గోడ తప్ప ఏమీ కనిపించదు.

క్రమంగా అమ్మీజాన్ ప్రయాణాలు తగ్గాయి. గుడివాడలోని ఖాలా ఇంటికి రమ్మంటే "మీరు వెళ్ళి రండి బేటా, నాకు ఓపిక లేదు" అనేవారు. ఖాలా అమ్మీజాన్ కన్నా నాలుగేళ్ళు పెద్ద. ఇద్దరూ ఫోనులో రోజూ మాట్లాడుకొంటూనే ఉండేవారు గాని, రెండు రంజాన్ పండుగలు గడిచినా ఒకరి ముఖం ఒకరు చూడలేదు. వృద్ధాప్యంలో ప్రయాణం మీద విరక్తి సహజమని బంధువులు అన్నారు. అమ్మీజాన్‌కు విరక్తి ఏమీ లేదు. ఆమెకూ అక్కకూ మధ్య అడ్డుగా ఉన్నది ఒక వాలు పైకప్పు.

అందుకే గత ఏడాది కారు కొనదలచినప్పుడు మేము అన్నదమ్ములము, ఆపా కలిసి అమ్మీజాన్‌ను వెంటబెట్టుకొని షోరూంకు వెళ్ళాము. అక్కడి యువకుడు మర్యాదస్థుడు. పెద్ద తెర, రంగులు మారే దీపాలు, పైకప్పు అద్దం అన్నీ ఓపికగా చూపాడు. అమ్మీజాన్ అన్నీ విని, "బాబూ, లేచేటప్పుడు దేన్ని పట్టుకోవాలి?" అని అడిగారు. ఆ ప్రశ్నకు అతని దగ్గర సిద్ధంగా జవాబు లేదు. తర్వాత తానే ఒక్కో కారు తలుపు తీసి, ఆమెను కూర్చోబెట్టి, లేపి చూపించాడు. అతి ఖరీదైన కారులో నుంచి ఆమె ఇద్దరి సాయంతో లేచారు. ఒక మామూలు పొడవాటి డబ్బాలాంటి కారులో నుంచి తలుపు పైనున్న పట్టీని పట్టుకొని ఒక్కరే లేచారు. మాకు ఇక వేరే కొలత అవసరం లేకపోయింది.

అటువంటి డబ్బా ఆకారాన్ని మన దేశం 1999లో వాగన్ఆర్ రూపంలో చూసింది. అప్పట్లో దానిని చూసి నవ్వినవారు తక్కువేమీ కాదు. దేశంలో అత్యధికంగా అమ్ముడయ్యే కార్లలో అది నేటికీ ఒకటి. తర్వాత వచ్చిన ఎత్తయిన కార్లన్నీ, ఎంత గంభీరమైన పేరు పెట్టుకొన్నా, కుర్చీ ఎత్తున కూర్చోవాలన్న పాత కోరికనే తిరిగి తెచ్చాయి. ఇరవై ఏళ్ళపాటు పాతకాలపుదని కొట్టివేసిన గుణానికి మళ్ళీ గిరాకీ వచ్చింది. మోజు తోకరెక్కను తిరిగి తేలేదు, వంగలేని నడుముకు అనువైన ఎత్తును తిరిగి తెచ్చింది. అందులో మనుషులకు పని ఉంది గనుక.

అలంకారం వద్దని మా అభిప్రాయం కాదు. కంటికి ఇంపుగా ఉన్నదానిని కోరుకోవడం మానవ సహజం. చిలకలపూడి నగ కూడా పండుగపూట మెడకు కళ తెస్తుంది. కాని దానికి బంగారం వెల ఎవరూ ఇవ్వరు. కారు విషయంలో ఆ వివేకం మనలో తరచు లోపిస్తోంది. నికాహ్ పందిరి ముందు పూలు కట్టి నిలబెట్టినప్పుడు ఎలా ఉంటుందన్న ఆలోచనకే లక్షల అప్పు చేసే కుటుంబాలను చూస్తున్నాము. ఆ ముఖానికి నాలుగేళ్ళలో కొత్త మోడలు వచ్చి మెరుపు పోతుంది. అప్పు మాత్రం పాత మోడలుదే కట్టాలి.

సోదర సోదరీమణులకు మా సూచన చిన్నది. కారు చూడబోయేటప్పుడు ఇంట్లో అందరికన్నా పెద్దవారినీ అందరికన్నా చిన్నవారినీ తీసుకెళ్ళండి. పెద్దవారు ఎవరి చేయీ పట్టుకోకుండా లేవగలిగారా? చిన్నవారికి కిటికీలోంచి చెరువు కనిపించిందా? దీపం పగిలితే మన ఊరిలో దొరుకుతుందా, ఎంతకు? ప్రమాదం జరిగితే ఆ బండి ఎంతవరకు కాపాడుతుంది? ఈ నాలుగింటికీ మంచి జవాబు వచ్చిన తర్వాత మిగిలిన రూపాయికి ఎంత మెరుపు కావాలంటే అంత కొనుక్కోవచ్చు.

మేము కొన్న కారుకు ఊళ్ళో పెద్దగా మెచ్చుకోలు దొరకలేదు. మా తమ్ముడి స్నేహితులు దానికి లుక్ లేదన్నారు. మొన్న ఈద్ రోజున నమాజు అయ్యాక అది పెడన, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ చేరింది. ఖాలా ఇంటి గుమ్మం ఎదుట అమ్మీజాన్ తలుపు తానే తీసుకొని, పట్టీని పట్టుకొని లేచి, నిటారుగా నిలబడి తన అక్కకు సలాం చేశారు. పదేళ్ళ తర్వాత ఆ కారు ముఖాన్ని చూసి మా పిల్లలు నవ్వుకోవచ్చు. ఈలోగా అది ఎన్ని గుమ్మాల ముందు ఆమెను అలా నిలబెడితే అంత చాలు.